సంతకం కింది గడి

మా ఆఫీసులోకి కాగితం తేకూడదు. పెన్ను తేకూడదు. ఫోను బయట లాకర్లో పెట్టి, ఖాళీ చేతులతో లోపలికి వెళ్ళాలి. మంచినీళ్ళ సీసా కూడా అవతలి వైపు కనబడేటట్టు ఉండాలి. బేగంపేటలో మెట్రో దిగి కాస్త నడిస్తే వచ్చే ఒక భవనంలో, నాలుగో అంతస్తులో, పద్దెనిమిదేళ్ళు అలా ఖాళీ చేతులతో వెళ్ళి వచ్చాను. కిందటి ఏడాది రిటైరయ్యాను. ఇప్పుడు పెన్నూ కాగితమూ రెండూ చేతిలో ఉన్నాయి కాబట్టి, అలాంటి కుర్చీల్లో ఇవాళ కూర్చుంటున్న మీకోసం ఒక సంగతి రాస్తున్నాను. ఇందులో నేను గొప్పగా కనబడను. అది నాకు ఇష్టమై కాదు, జరిగింది అలాగే కాబట్టి.

మా పని ఇతరుల చేతిరాత చదవడం. ఎక్కడో ఎవరో నింపిన ఫారాల బొమ్మలు మా తెరల మీదకి వస్తాయి. వాటిని చూసి టైపు చేయాలి. ఒకే ఫారాన్ని ఇద్దరు విడివిడిగా టైపు చేస్తారు. ఇద్దరిదీ కలిస్తే సరి. కలవకపోతే నా దగ్గరికి వస్తుంది. నేను నాణ్యత విభాగానికి పెద్దను. "ఇద్దరూ ఒకే తప్పు చేస్తే ఏమవుతుంది మేడమ్?" అని కొత్తగా చేరినవాళ్ళు ఎవరో ఒకరు అడిగేవారు. "అప్పుడది తప్పు కాదు, రికార్డు" అనేదాన్ని. వాళ్ళు నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. నాకు ఆఫీసులో నవ్వే అలవాటు లేదు.

నేను రిటైరవడానికి ముందటి ఏడు అమెరికాలో ఎన్నికలు. అక్కడ చాలా చోట్ల ఓటరు జాబితాలో పేరు ఎక్కాలంటే మనిషే ఒక ఫారం నింపి పంపాలట. కౌంటీ ఆఫీసు, అంటే మన జిల్లా కచేరీ వంటిది, ఆ ఫారాలను స్కాన్ చేసి ఒక కంపెనీకి ఇస్తుంది. ఆ కంపెనీ మాకు ఇస్తుంది. వాళ్ళు సాయంత్రం పంపినవి మాకు పొద్దున్నే వచ్చేవి. నాకు ఈ వ్యవహారం మొదటి రోజు నుంచీ వింతగానే ఉండేది. సముద్రాల అవతల ఒక మనిషి తన పరిపాలకుణ్ణి ఎన్నుకోవాలనుకుంటే, ఆ కోరిక ముందు బేగంపేట నాలుగో అంతస్తుకి వచ్చి, మా వాళ్ళ వేళ్ళ కిందుగా వెళ్ళాలి. అక్కడ కొందరి ఓట్లను అడ్డుకుంటున్నారని పేపర్లో వార్తలు వచ్చేవి. పోలింగ్ కేంద్రాలు మూసేశారని, గంటల కొద్దీ క్యూలని, గుర్తింపు కార్డుల గొడవలని. నేను శ్రద్ధగా చదివేదాన్ని. ఓటును అడ్డుకోవాలంటే అడ్డుకునే మనిషి ఒకడుండాలి కదా, వాడికి ఒక ఉద్దేశం ఉండాలి కదా అనుకునేదాన్ని.

మొదట్లో వచ్చిన ఫారాలన్నీ ఒక పెద్ద నగరానివి. పైన పేరు, పుట్టిన తేదీ, చిరునామా. కింద సంతకం. సంతకం కింద ఒక చతురస్రపు గడి. మేము చూసిన వాటన్నిటిలో ఆ గడి ఖాళీగానే ఉండేది. ఆ ఖాళీ గడి వల్ల బొమ్మ తెరలో పట్టక, ప్రతి ఫారానికీ కిందికీ పైకీ జరుపుకోవాల్సి వచ్చేది. బొమ్మను సంతకం దగ్గరే కత్తిరించి చూపిస్తే ఒక్కో ఫారం మీద కొన్ని సెకన్లు కలిసివస్తాయని నేను సూచించాను. అమెరికా కంపెనీ ఒప్పుకుంది. పని జోరందుకుంది. ఆ మూడు నెలలకు ఉత్తమ సూచన అని నాకొక గాజు బిళ్ళ ఇచ్చారు. దాన్ని మా నాన్నగారి ఫొటో పక్కన పెట్టాను.

ఆ గడి దేనికో చదవలేదా అని మీరు అడగవచ్చు. చదివాను. ఇంటికి నంబరు లేనివాళ్ళు తమ ఇల్లు ఎక్కడుందో అందులో పటం గీయాలి. దగ్గరి రోడ్ల కూడలి గీసి, బడో చర్చో ఉంటే చుక్క పెట్టి, ఇల్లున్న చోట ఇంటూ గుర్తు వేయాలి. చదివి, "అమెరికాలో ఇంటికి నంబరు లేనివాళ్ళు ఎవరుంటారు?" అనుకున్నాను. అంతే. అంతకంటే నేను ఆలోచించలేదు.

ఈ మాట అనుకోవడానికి నాకంటే అర్హత లేని మనిషి సికింద్రాబాద్‌లో ఉండదు. మా తాతగారు ఇక్కడి పటాలాల గుర్రాలకు దాణా సరఫరా చేసిన కాంట్రాక్టరు. రెజిమెంటల్ బజార్లో మా ఇంటిని దాణా బంగళా అనేవారు. మునిసిపాలిటీ కాగితాల్లో దానికీ ఒక నంబరు ఉండేది కానీ, ఆ నంబరు రేకును మా గోడకు కొట్టనివ్వలేదు తాతగారు. "నంబర్లు గుర్రాల గిట్టల మీద వేస్తారు, మనుషుల గుమ్మాల మీద కాదు" అన్నారట. 'దాణా బంగళా, సికింద్రాబాద్' అని రాస్తే ఉత్తరం నేరుగా మా ఇనుప గేటు దగ్గరికి వచ్చేది. ఆ గేటు తీయడానికి ఇద్దరు మనుషులు కావాల్సివచ్చేది. నాకు ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు బంగళా చేయి జారింది. ఎలా జారిందన్నది ఇక్కడ అనవసరం. అక్కడికి రెండు వీధుల అవతల, ఒక మేడ మీది వాటాలోకి మారాను. ఆఫీసులో ఎవరడిగినా "రెజిమెంటల్ బజార్" అని ఊరుకునేదాన్ని. ఆ తరువాత ప్రశ్న అడిగేంత చనువు ఎవరికీ ఇవ్వలేదు.

ఒకతనికి తప్ప. అతనికి నేను ఇవ్వలేదు, అతనే తీసుకున్నాడు. అల్వాల్ నుంచి వచ్చేవాడు. ముప్పై అయిదు దాటి ఉంటాయి. అంతకుముందు చాలా ఏళ్ళు కొరియర్ కంపెనీలో బండి మీద కవర్లు పంచాడు. బండి మీంచి పడి కాలు విరిగాక, టైపింగ్ నేర్చుకుని మా దగ్గర చేరాడు. తప్పులు తక్కువ, వేగం ఇంకా తక్కువ. నెమ్మది అని అతని మీద నేను రాసిన నోట్లు ఒక దొంతర. కారణం నాకు తెలుసు. మిగతావాళ్ళు గడులను చూస్తారు. అతను ఫారం మొత్తం చదువుతాడు.

"ఎనభై ఏండ్ల ముసలామె మేడమ్, ఇప్పుడు ఓటుకు రాపిచ్చుకుంటుంది. ఇన్ని దినాలు ఏం జేసిందంటరు?" అనేవాడు.

"అది మన పని కాదు."

"పని గాదు గనీ, తెలుసుకోబుద్ధి కాదా?"

ఒకసారి లాకర్ల దగ్గర, "మేడమ్, మీరు ఓటేస్తరా?" అని అడిగాడు.

"మా కుటుంబం ఎప్పుడూ ఓటు వేస్తుంది" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. బంగళా కూల్చి దుకాణాల సముదాయం కట్టినప్పుడు, ఆ నంబరు మీదున్న మా పేర్లన్నీ జాబితాలోంచి పోయాయి. కొత్త చిరునామా రాసి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ కొత్త చిరునామా నా చేత్తో రాయడం ఇష్టంలేక, ఏళ్ళ తరబడి ఓటు లేకుండానే ఉన్నాను. వేలు మీద సిరా చుక్క లేకపోవడాన్ని పోలింగ్ మర్నాడు ఎవరూ గమనించకుండా చీర కొంగు పట్టుకుని నిలబడటం నాకు బాగా అలవాటు.

ఎన్నికలు దగ్గరపడ్డాక ఒక కొత్త కౌంటీ ఫారాలు మొదలయ్యాయి. ఎడారి ప్రాంతం. అక్కడి ఆదివాసుల భూములు చాలా భాగం అందులోనే ఉన్నాయని తరువాత తెలిసింది. ఆ ఫారాల్లో చిరునామా గడిలో కొందరు 'లేదు' అని రాశారు, కొందరు చిన్న గీత పెట్టారు, కొందరు ఎక్కడో పోస్టాఫీసులోని పెట్టె నంబరు రాశారు. పెట్టె నంబరు ఉత్తరాలకు పనికొస్తుంది గానీ నివాసం కింద లెక్కకు రాదు. అన్నిటికీ మావాళ్ళు 'చిరునామా లేదు' అన్న కోడ్ కొట్టారు. ఆ కోడ్ పడితే కౌంటీ ఆ ఫారాన్ని తిరస్కరించి, ఆ మనిషికి ఉత్తరం పంపుతుంది. ఇద్దరికిద్దరూ అదే కొట్టారు కాబట్టి ఒక్కటీ నా దగ్గరికి రాలేదు. మొదటి బ్యాచ్ అలాగే వెళ్ళిపోయింది. రెండు, మూడు బ్యాచ్‌లు పూర్తయి, పంపడానికి సిద్ధంగా ఉన్నాయి.

మంగళవారం పొద్దున్న అతను కుంటుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, జెర నా సీటు కాడికి రాండ్రి. ఒకటి చూపిస్త."

"కోడ్ గురించి అయితే మీ టీమ్ లీడర్‌ని అడగండి."

"కోడ్ గాదు. గీత."

వెళ్ళాను. తెర మీద ఒక ఫారం. సంతకం దాకా ఉంది. ఆ కింద బొమ్మ తెగిపోయింది. తెగిన అంచు మీద, సంతకం కింద నుంచి, నల్ల సిరా ముల్లు ఒకటి పైకి పొడుచుకుని ఉంది. బాణం కొసలాగా.

"గిది ఏందనుకుంటున్నరు?"

"సిరా మరక."

"సరే. ఇగ గిది సూడుండ్రి." ఇంకో ఫారం. అంచు మీద చిన్న అడ్డగీత, దాని మధ్యలో నిలువు గీత. ఇంకోటి. అంచు మీద ఒక అర్ధచంద్రం. "అందరికి గదే జాగల మరకలు పడతయా మేడమ్? ఇంతమందికి ఇండ్లు లేవా? ఇండ్లు లేనోళ్ళు కలిసొచ్చి ఒకటే బ్యాచ్‌ల రాసుకుంటరా? కింద ఏందో ఉన్నది. మనకు కనబడతలేదు."

ఫారం మొత్తం తెరిచి చూసే అనుమతి నాకూ మేనేజరుకూ మాత్రమే ఉంది. నా సీటుకు వెళ్ళి తెరిచాను. అతను నా వెనక నిలబడ్డాడు. నిలబడవద్దని చెప్పడం మరిచిపోయాను.

సంతకం కింది గడి నిండా పటం.

ఆ ముల్లు ఉత్తర దిక్కు చూపే బాణం కొస. అడ్డగీతా నిలువు గీతా చర్చి శిలువ. అర్ధచంద్రం నీళ్ళ ట్యాంకు పైకప్పు. ఒకటి తరువాత ఒకటి తెరుస్తూ పోయాను. అన్నిట్లోనూ పటాలే. ఒకరు గాలిమర గీశారు. ఒకరు గుట్ట గీసి, ఎండిపోయిన వాగు గీసి, వాన పడితే ఈ దారి ఉండదని రాశారు. ఒకరు తుప్పుపట్టిన నీలం ట్రక్కు దగ్గర మలుపు తిరగమన్నారు. పుట్టిన తేదీని బట్టి మా అమ్మకంటే పెద్దావిడ ఒకామె, వణుకుతున్న చేత్తో ఇంటూ గుర్తు వేసి, దాని పక్కన నాలుగు కాళ్ళ బొమ్మ గీసి, 'కుక్క. కరవదు' అని రాసింది. ఓటరు జాబితాకు ఆ సంగతి దేనికి? కానీ ఎవరైనా వస్తారని ఆవిడ అనుకుంది. వస్తే భయపడకూడదని అనుకుంది.

"గిది అడ్రస్ కాదా మేడమ్?" అన్నాడు అతను వెనక నుంచి. "నేను గిట్లాంటియి పట్టుకొనే ఊరంత తిరిగిన."

ఆ పెద్దావిడది మొదటి బ్యాచ్.

మేనేజరు నాకంటే పాతికేళ్ళు చిన్న. మర్యాదస్థుడు. తలుపు వేసి, నేను చెప్పిందంతా విన్నాడు.

"మేడమ్, క్రాపింగ్ మీ సజెషనే అయినా, అప్రూవ్ చేసింది క్లయింట్. మెయిల్ ఉంది. మన తప్పేం లేదు."

"ఫారాలు చూసేది మనం."

"మనం చెప్పిన గడులు టైప్ చేస్తాం. మ్యాప్‌కి ఫీల్డే లేదు. ఇప్పుడు మనంతట మనం ఓపెన్ చేస్తే, ఇన్నాళ్ళూ ఏం చేశారంటారు. ఆ నగరం ఫారాలన్నీ మళ్ళీ ఆడిట్ అంటారు. కాంట్రాక్ట్ పోతే ఫ్లోర్ మీద అరవైమంది రోడ్డు మీద పడతారు." ఒక ఫైలు ముందుకు జరిపాడు. "మీ రెండేళ్ళ ఎక్స్‌టెన్షన్ కాగితం కూడా నా టేబుల్ మీదే ఉంది. నేను బెదిరించట్లేదు మేడమ్. ఈ వారం వద్దు అంటున్నా, అంతే."

"శుక్రవారంతో అక్కడ నమోదు గడువు అయిపోతుంది. తరువాత చెప్పినా ఈ ఎన్నికకి పనికిరాదు."

"వాళ్ళకి ఉత్తరాలు వెళ్తాయి కదా, మళ్ళీ అప్లై చేసుకుంటారు."

అరవైమంది మాట నిజమే. అతను విలన్ కాడు, దయచేసి అలా చదవకండి. నేను సరేనని బయటికి వచ్చాను. నిజం చెబుతున్నాను, సరేననే వచ్చాను. ఇన్నేళ్ళుగా ఇతరుల తప్పుల మీద నోట్లు రాసిన చెయ్యి, తన తప్పు మీద నోటు రాయాలంటే కదలలేదు. గాజు బిళ్ళ గుర్తుకొచ్చింది. దాని పక్కన మా నాన్నగారు.

మధ్యాహ్నం లాకర్ల దగ్గర అతను డబ్బా తెరుచుకుని నిలబడే తింటున్నాడు. కాలు మడవడం కష్టమని బల్ల దగ్గర కూర్చోడు.

"ఏమన్నడు సార్?"

"చూద్దామన్నారు."

"అంటే లేదన్నట్టు."

"ఫారంలో చిరునామా గడి ఖాళీగా ఉంటే తిప్పి పంపాలన్నది రూలు. మనం రూలు తప్పలేదు" అన్నాను. నా గొంతు నాకే మేనేజరు గొంతులా వినబడింది.

అతను ముద్ద మింగి, డబ్బా మూత పెట్టాడు. "మేడమ్, ఒక మాట చెప్త, గుస్సా గాకుండ్రి. పదేండ్ల కింద రెజిమెంటల్ బజార్ లైన్ నాదే. ఒక పార్సిల్ వచ్చింది. మీద నంబర్ లేదు, గల్లీ లేదు. దాణా బంగళా, సికింద్రాబాద్, అంతే రాసి ఉండె. ఆడికి పోతే బంగళా లేదు, మొత్తం దుకాణాలే. రూల్ ప్రకారం తిప్పి పంపాలె. పంపలే. పాన్ డబ్బా ఆయన్ని అడిగిన, కుట్టుమిషన్ ఆయన్ని అడిగిన. మెట్లెక్కి పైకొచ్చిన. మీరే దస్తఖత్ పెట్టిండ్రు."

ఆ పార్సిల్ నాకు గుర్తుంది. పెద్ద మేనత్త పోయేముందు పంపిన తాతగారి వెండి పిడి చేతికర్ర. తెచ్చిన మనిషి మాత్రం గుర్తు లేడు. తలుపు సగమే తీసి, సంతకం పెట్టి, వేసేసి ఉంటాను.

"ఇన్నేళ్ళూ తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"మీరు రెజిమెంటల్ బజార్ అని ఆపుతరు గదా. నాకు సమజ్ అయింది. నేనెందుకు చెప్పాలె?" నవ్వాడు. "గనీ ఆ దినం చానా తిప్పలు పెట్టిండ్రు మేడమ్. మంచినీళ్ళు సుత అడగలే."

నాకు చెంప మీద కొట్టినట్టు అనిపించలేదు. ఇంకోలా అనిపించింది. నేను నంబరు లేని ఇంటి మనిషిని. ఆ సంగతి గర్వంగా చెప్పుకున్న కాలంలో నా ఉత్తరం నాకు వచ్చింది, సిగ్గుతో దాచుకున్న కాలంలోనూ వచ్చింది. రెండుసార్లూ ఎవరో ఒకరు తిప్పి పంపకపోవడం వల్లే వచ్చింది.

సాయంత్రం ఏడింటికి అమెరికా కంపెనీ ఆవిడతో వారం వారం జరిగే ఫోను సమావేశం. ఆవిడకి అప్పుడు పొద్దున్న. వెనక ఎప్పుడూ ఏదో గిన్నె చప్పుడు వినబడేది. మేనేజరు లెక్కలన్నీ చదివి, "ఇంకేమైనా ఉన్నాయా?" అని మామూలుగా అడిగాడు.

"ఉంది" అన్నాను. అతను నా వైపు చూడలేదు, బల్ల వైపు చూశాడు.

సంతకం కింద కత్తిరించమన్నది నేనేనని, కత్తిరించిన దానిలో పటాలు పోయాయని, అవి చూడకుండానే చిరునామా లేదని కోడ్ కొట్టామని, మూడు బ్యాచ్‌లని, ఒకటి ఇప్పటికే వెళ్ళిందని చెప్పాను. నిలబడి చెప్పాను. ఫోనులో మాట్లాడుతూ ఎందుకు నిలబడ్డానో తెలియదు. మా ఇంట్లో తప్పు ఒప్పుకునేటప్పుడు కూర్చోనిచ్చేవారు కాదు.

గిన్నె చప్పుడు ఆగింది.

"ఆ గడి నేను కూడా చూశాను. నేనే ఒప్పుకున్నాను" అంది ఆవిడ చివరికి. తరువాత పని మాటలు వచ్చాయి. రెండు, మూడు బ్యాచ్‌లు ఇంకా కౌంటీకి అప్పగించలేదు. వాటిని తిరిగి తెరవవచ్చు. కానీ పటం బొమ్మను కౌంటీ కంప్యూటర్ తీసుకోదు. ఇల్లెక్కడుందో మాటల్లో రాస్తే, వాళ్ళు చూసి పోలింగ్ కేంద్రం కేటాయిస్తారు. "గురువారానికి రాయగలరా? పటాలు చదవడం మీ వాళ్ళకు వచ్చా?"

"మా ఊళ్ళో అందరికీ వచ్చు" అన్నాను.

"మొదటి బ్యాచ్?" అని అడిగాను తరువాత. అవి తిరస్కరించినట్టు కౌంటీ పుస్తకాల్లోకి ఎక్కిపోయాయట. ఉత్తరాలు బయల్దేరాయట. వాళ్ళు మళ్ళీ కొత్త ఫారం పంపాల్సిందే. అదీ శుక్రవారంలోగా చేరాల్సిందే.

బుధ, గురువారాలు మా ఫ్లోర్ మీద జరిగినట్టు ముందెప్పుడూ జరగలేదు, తరువాత జరగలేదు. కత్తిరింపు తీసేశారు. సెకన్ల లెక్క ఆపమని మేనేజరే చెప్పాడు. అంతవరకూ తలెత్తని మనుషులు ఒకరి తెరలోకి ఒకరు తొంగిచూశారు.

"అక్కా, గిది ట్యాంకా, గుడిసెనా?"

"ట్యాంకే. కాళ్ళున్నయి చూడు."

"కూడలి నుంచి ఎంత దూరం రాసిండు?"

"మూడు మైళ్ళు, ఆ తర్వాత రెండు గేట్లు దాటాలట. గేట్లు మళ్ళీ వేయమని కూడా రాశాడు, పశువులు పోతాయని."

"అది కూడా రాయాలా?"

"రాయి. వెళ్ళేవాడికి పనికొస్తది."

ఆ రెండు రోజులకూ కొరియర్ అతను మా అందరికీ మాస్టారు. దారి ఎలా రాయాలో ఒక పద్ధతి చెప్పాడు. ముందు అందరికీ తెలిసిన జాగ, తరువాత దిక్కు, తరువాత దూరం, చివర మోసపోయే మలుపు. "మోసపోయే మలుపు రాయకుంటే మిగిలిందంత వేస్ట్" అన్నాడు. ఒక పటంలో నాలుగు జంతువుల దగ్గర అందరూ ఆగిపోయారు. ఆవులని కొందరు, గొర్రెలని కొందరు. నా దగ్గరికి తెచ్చారు. తోక మొదలు ఎత్తుగా ఉంది, మెడ మీద జూలు ఉంది. "గుర్రాలు" అన్నాను. 'గుర్రాల దొడ్డికి ఉత్తరాన' అని టైపు చేశారు. మా తాతల ఆస్తిలో నాకు మిగిలిన విద్య ఆ ఒక్కపూట అక్కరకొచ్చింది.

గురువారం సాయంత్రానికి రెండు బ్యాచ్‌లూ వెళ్ళాయి. వాటిని తీసుకున్నట్టు శుక్రవారం కబురు వచ్చింది. ఫ్లోర్ మీద ఎవరో చప్పట్లు కొట్టారు. కాంట్రాక్టు పోలేదు, ఆడిట్ మాత్రం వచ్చింది. నాలుగు నెలలు మమ్మల్ని వేపుకు తింది. నా ఎక్స్‌టెన్షన్ రాలేదు. నేను అడగలేదు. మా ఇంట్లో అడిగే అలవాటు లేదు.

తరువాతి వారం చివర్లో అదే కౌంటీ నుంచి మరికొన్ని ఫారాలు వచ్చాయి. ఒకదాని మీద ఇద్దరి టైపింగూ కలవక, అది నా దగ్గరికి వచ్చింది. తెరిచాను. చేతిరాత తెలుసు. పుట్టిన తేదీ తెలుసు. అదే నీళ్ళ ట్యాంకు, అదే చర్చి. కానీ పటం ఈసారి గడిలో లేదు. గడిలో మొదలై, గడి దాటి, సంతకం మీదుగా, చిరునామా రాసే చోటు దాకా పాకింది. పెన్ను అదిమి పట్టి గీసింది. కాగితం వెనక్కి గీతలు దిగి ఉంటాయి. ఎక్కడ కత్తిరించినా ఏదో ఒక ముక్క కనబడి తీరుతుంది. ఎవరో తన పటం చూడలేదని ఆవిడకి తెలిసిపోయింది. ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఉత్తరంలో 'చిరునామా లేదు' అని మాత్రమే ఉంటుంది. ఆవిడ ఆ మాట చదివి, తన ఇంట్లో కూర్చుని, ఆలోచించి ఉంటుంది.

కుక్క బొమ్మ లేదు. పోయిందో, ఈసారి దానికి చోటు మిగల్లేదో.

పైన కుడి మూల కౌంటీ వాళ్ళ చేరిక ముద్ర ఉంది. గడువు శుక్రవారం. ముద్ర సోమవారానిది.

అలాంటి వాటికి ఒక కోడ్ ఉంది. ఆవిడ పేరు జాబితాలోకి ఎక్కుతుంది, ఆ ఎన్నిక అయ్యాక వచ్చే ఎన్నికకి. ఆ కోడ్ నేనే కొట్టాను. ఆవిడ ఓటు ఎవరూ లాక్కోలేదు. ఏ పోలీసూ ఆపలేదు. ఏ పార్టీవాడూ బెదిరించలేదు. తెర మీద బొమ్మ చక్కగా పడుతుందని నేనొక చోట గీత పెట్టాను, దానికి నాకొక బిళ్ళ ఇచ్చారు. వచ్చే ఎన్నికకి ఆవిడ ఉంటుందా అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటాను. వయసు లెక్క వేసి, మళ్ళీ లెక్క మానేస్తాను.

నేను చూపించాక ఆ ఫారాన్ని కొరియర్ అతను చాలాసేపు చూశాడు. "నేనైతే ఈ ఇల్లు దొరకవట్టేటోన్ని" అన్నాడు. "ఈ పటం పట్టుకొని నిద్రల సుత పోత."

రిటైరైన నెలలోనే ఓటరు నమోదు దరఖాస్తు తెచ్చుకుని నింపాను. చిరునామా గడి దగ్గర కొంతసేపు పట్టింది. పంపాక చాలా రోజులు ఎవరూ రాలేదు. ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి, ఎండలో నడుస్తున్న ఆయాసం.

"హలో అమ్మా, నేను అంగన్‌వాడీ టీచర్‌ని. ఓటర్ లిస్ట్ వెరిఫికేషన్‌కొచ్చిన. మీ ఇల్లు దొరుకతలేదు. ఈడ నంబర్లు ఒకదానికొకటి కలుస్తలేవు. రెండుమార్లు తిరిగిన. ఇంకోపారి దొరకకుంటే లేదని రాసి పోవాలె."

"రాయకండి. ఇప్పుడు ఎక్కడున్నారు?"

"గీడ దుకాణాల కాంప్లెక్స్ ముంగట."

"అది ఒకప్పుడు దాణా బంగళా" అనబోయి మానుకున్నాను. ముందు అందరికీ తెలిసిన జాగ, తరువాత దిక్కు, తరువాత దూరం. "దానికి వీపు పెట్టి నిలబడండి. ఎడమ వైపు రెండో సందు. సందులో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. దాని పక్కన రెండు దారులుంటాయి, వెడల్పుది కాదు, ఇరుకుదే మాది. అందరూ అక్కడే మోసపోతారు. లోపలికొస్తే నల్లా, నల్లా ఎదురుగా మెట్లు."

ఆమె నడుస్తూ వింటోంది. కుట్టుమిషన్ల చప్పుడు ముందు ఫోనులో, తరువాత కిటికీలోంచి వినబడింది. నేను గ్లాసులో మంచినీళ్ళు పోసి, తలుపు పూర్తిగా తీసి, మెట్ల పైన నిలబడ్డాను.

"మెట్లు కనబడ్డయమ్మా. మీ గేటు ఏ రంగుది?"

"గేటు లేదు" అన్నాను. "తిన్నగా పైకి రండి."